ఎస్తెవావ్ బలమెంత, లోటెంత: బ్రెజిల్ కుర్రాడి ఆటను ఎలా చూడాలి

మీరు అడిగినవి మూడు. బ్రెజిల్ ఫుట్‌బాల్ కుర్రాడు ఎస్తెవావ్ నిజంగా అంత ఆటగాడా, లేక చిన్న చిన్న వీడియోలు చూసి మనమే ఎక్కువ ఊహించుకుంటున్నామా? అతని బలాలేమిటి, లోట్లేమిటి? ముందే బ్రెజిల్ నుంచి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిన ఎండ్రిక్‌లాగే ఇతను కూడా యూరప్ వెళ్లి బెంచీ మీద కూర్చుండిపోతాడా? మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి కలిపే చెబుతాను. కాస్త పొడుగవుతుంది.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఆటగాడే, అందులో నాకు అనుమానం లేదు. అయితే మీ స్నేహితులు చెబుతున్న కారణానికి కాదు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలి దగ్గరే ఉంచుకుని మనుషుల్ని దాటిపోవడం అంటున్నారు వాళ్లు. బ్రెజిల్‌లో డ్రిబ్లింగ్ చేసే కుర్రాళ్లు ఏ ఊరి మైదానంలో చూసినా దొరుకుతారు. ఇతని దగ్గరున్నది వేరే.

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా పదిహేను, పదహారేళ్ల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. బ్రెజిల్ లీగ్ చూసే అలవాటు ఎప్పటినుంచో ఉంది. అక్కడ బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలయ్యే మ్యాచ్ మనకు గురువారం పొద్దున ఆరింటికి వస్తుంది. పిల్లలు గ్రౌండుకు వచ్చేలోపు సగమైనా చూడొచ్చు. 2024 సీజనంతా ఎస్తెవావ్ అప్పటి క్లబ్ పాల్మీరాస్ మ్యాచ్‌లు అలాగే చూశాను. ఇప్పుడు చెప్పేది ఎక్కువగా ఆ పొద్దుల్లో గమనించిందే. తర్వాత ఇంగ్లండ్ క్లబ్ చెల్సీలో అతని ఆట చూసి కొన్ని సరిదిద్దుకున్నాను, కొన్ని గట్టిపడ్డాయి.

2007 ఏప్రిల్ 24న సావో పాలో రాష్ట్రంలోని ఫ్రాంకాలో పుట్టాడు. చిన్నప్పుడు క్రుజేరో అకాడమీ, 2021 నుంచి పాల్మీరాస్. 'మెస్సీన్యో', అంటే చిన్న మెస్సీ అని ముద్దుపేరు పెట్టారు. ఆ పేరు పక్కన పెట్టి చూస్తేనే ఇతని ఆట అర్థమవుతుంది.

ఎడమకాలి ఆటగాడు కుడి వింగ్‌లో, అంటే మైదానం కుడి అంచున ఆడితే, ఎదురుగా ఉన్న ఫుల్‌బ్యాక్‌కి, అంటే ఆ అంచు కాసే డిఫెండర్‌కి, ఏ కోచ్ అయినా చెప్పే మాట ఒకటే. లోపలికి రానివ్వకు, గీత వైపుకి తోలు. లోపలికి వస్తే ఎడమకాలితో షాట్ ఉంటుంది, బయటికి పోతే కుడికాలితో ఒక బలహీనమైన క్రాస్ (గోల్ ముందుకు వేసే బంతి) తప్ప ఏమీ ఉండదు. చాలామంది వింగర్లు ఈ చిన్న లెక్క దగ్గరే ఆగిపోతారు. ఒక సీజన్ మెరుస్తారు, రెండో సీజన్‌కి అందరికీ వాళ్ల గుట్టు తెలిసిపోతుంది.

ఎస్తెవావ్‌కి ఈ లెక్క ఎందుకు సరిపోదో చెప్పాలంటే కబడ్డీ గుర్తు చేసుకోండి. కూతకు వెళ్లినవాళ్లలో రెండు రకాలుంటారు. ఒకడు ముందే మూల ఎంచుకుని దూకుతాడు. ఇంకొకడు కూత ఆపకుండా నిలబడి, అవతలివాడి కాలు ఎప్పుడు కదులుతుందా అని చూస్తుంటాడు. ఆ కాలు కదిలాకే ఇతని చెయ్యి లేస్తుంది. ఎస్తెవావ్ రెండో రకం. బంతిని ముందుకు తోసి పరుగెత్తడు. దాదాపు తన కాళ్ల కిందే ఉంచుకుని, ఒంటిని నిటారుగా పెట్టి నడకలాంటి వేగంతో వస్తాడు. లోపలికి పోబోతున్నా బయటికి పోబోతున్నా చివరి అడుగు వరకు ఒళ్లు ఒకేలా ఉంటుంది. డిఫెండర్ బరువు ఒక కాలిమీద పడ్డాక మాత్రమే కదులుతాడు. అప్పుడు వెళ్లేది రెండో వైపుకే. అందుకే అతను దాటిపోతున్నప్పుడు డిఫెండర్లు ఓడిపోయినట్టు కాకుండా జారిపడినట్టు కనిపిస్తారు.

దీనికి రెండు గోల్స్ చూడండి. మొదటిది 2025 జూలై 4న ఫిలడెల్ఫియాలో, క్లబ్ వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్. అప్పటికే చెల్సీకి అమ్ముడుపోయిన కుర్రాడు పాల్మీరాస్ తరఫున చివరి మ్యాచ్ ఆడుతున్నాడు, అదీ చెల్సీ మీదే. రెండో సగం మొదట్లో కుడివైపు నుంచి, గోల్‌కి కోణమే లేదనిపించే చోటునుంచి కొట్టి స్కోరు 1-1 చేశాడు. చెల్సీ చివరికి 2-1తో గెలిచింది. రెండోది అదే ఏడాది నవంబరు 25న చాంపియన్స్ లీగ్‌లో బార్సిలోనా మీద. డిఫెండర్లు కుబార్సీ, బాల్దే ఇద్దరినీ దాటి, మళ్లీ అదే కుడివైపునుంచి బంతిని నెట్ పైభాగంలోకి కొట్టాడు. చెల్సీ 3-0తో గెలిచింది. అవతలి జట్టులో ఎస్తెవావ్‌లాగే 2007లో పుట్టిన లామీన్ యమాల్ ఉన్నాడు కాబట్టి ఆ రాత్రి అందరూ పోలికల్లో పడిపోయారు. నేను చూసిందల్లా ఒక్కటే. రెండు గోల్స్‌లోనూ 'బయటికి తోలు' అన్న పాఠం పనిచేయలేదు. బయటివైపు కూడా గోల్ కొట్టగలడని తెలిశాక ఏ ఫుల్‌బ్యాక్ అయినా ఎటు నిలబడాలి?

ఇది నేర్పితే వచ్చేది కాదు. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఇలా ఆగగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లకి కూడా నేను నేర్పింది కాదు, వస్తూనే తెచ్చుకున్నారు. నేను చేయగలిగిందల్లా వాళ్లని తొందరపెట్టకుండా ఉండటమే.

రెండో బలం గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. నాకు మాత్రం బార్సిలోనా గోల్‌కంటే 2025 అక్టోబరు 4న లివర్‌పూల్ మీద కొట్టిన గోలే ముఖ్యం. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు, 1-1 మీద మ్యాచ్ ఆగిపోయేలా ఉంది, 95వ నిమిషం. ఎడమవైపునుంచి కుకురెయా నేలబారుగా క్రాస్ వేశాడు. ఫార్ పోస్ట్, అంటే అవతలి గోల్ స్తంభం దగ్గర జారుతూ వచ్చి లోపలికి తోసేశాడు. చెల్సీకి అది అతని మొదటి గోల్. అందులో డ్రిబుల్ లేదు, అందం లేదు. బంతి అవతలి వైపున్నప్పుడు గీత దగ్గర చేతులు నడుముకి పెట్టుకుని నిలబడకుండా, తనను కాస్తున్న డిఫెండర్ వెనకనుంచి సరైన క్షణానికి వచ్చాడంతే. బంతి కాలిమీద ఉంటే తప్ప ఆటలో లేనట్టుండే వింగర్లు బ్రెజిల్ నుంచి ఎంతోమంది వచ్చారు. పద్ధెనిమిదేళ్లకే ఈ అలవాటు ఉన్నవాడు ఏటా పది, పన్నెండు గోల్స్ ఊరికే సంపాదిస్తాడు.

ఇక అంకెలు. 2024 బ్రెజిల్ లీగ్‌లో 31 మ్యాచ్‌లు, 13 గోల్స్, 9 అసిస్ట్‌లు (తోటివాళ్లు గోల్ కొట్టేలా ఇచ్చిన పాస్‌లు). అప్పుడతనికి పదిహేడేళ్లు. చాలా పెద్ద అంకెలే, కానీ వాటిని అలాగే ఎత్తి ఇంగ్లండ్‌లో పెట్టకూడదు. బ్రెజిల్ లీగ్‌లో మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య చోటు ఎక్కువ దొరుకుతుంది. మ్యాచ్ సాగుతున్నకొద్దీ జట్టు రెండు ముక్కలవుతుంది. దూరప్రయాణాలు, రాష్ట్ర పోటీలు, లీగ్, కప్, దక్షిణ అమెరికా క్లబ్‌ల పోటీ లిబెర్తదోరెస్ అన్నీ కలిసి ఏడాదికి అరవై, డెబ్బై మ్యాచ్‌లు పడతాయి. అవతలివాళ్ల కాళ్లు అలసి ఉన్నప్పుడు డ్రిబుల్ చేయడం వేరు. పైగా అక్కడి రెఫరీలు చిన్న తాకిడికే విజిల్ ఊదుతారు. ఇంగ్లండ్‌లో ఊదరు. పాల్మీరాస్ సొంత మైదానంలో ఉన్నది కృత్రిమ పచ్చిక, దాని మీద బంతి పోయే తీరే వేరు. ఇవన్నీ తీసేసి చూసినా మిగిలేది ఒకటుంది. 9 అసిస్ట్‌లు. డ్రిబ్లర్‌కి అసిస్ట్‌లు ఉన్నాయంటే తల పైకెత్తి ఆడుతున్నాడని అర్థం. నేను మొదట నమ్మింది ఆ అంకెనే.

లోట్ల దగ్గరికి వస్తాను. ఇక్కడ మీరు జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే అన్ని లోట్లూ ఒక రకం కావు.

మొదటిది, వీపు మీద మనిషి పడితే. ఎదురుగా ఉన్నవాడిని చూస్తూ ఆడితే ఎంత హాయిగా ఉంటాడో, గోల్‌కి వీపు పెట్టి బంతి అందుకునేటప్పుడు అంత ఇబ్బంది పడతాడు. వెనకనుంచి బలమైన ఫుల్‌బ్యాక్ తగిలితే ఫౌల్ వస్తుందని అతని ఒళ్లు ఇంకా ఆశిస్తోంది. బ్రెజిల్‌లో వచ్చేది మరి. ఇంగ్లండ్‌లో ఆట సాగిపోతుంది, బంతి అవతలివాళ్ల దగ్గరుంటుంది. సన్నటి ఒళ్లు, ఇంకా పూర్తిగా నిండలేదు. ఇది పెద్ద లోటేమీ కాదు. కండ రెండేళ్లలో వస్తుంది. అంతకంటే ముందు, బంతి రాకముందే మోచెయ్యి చాచి మనిషిని దూరం పెట్టడం, తుంటి అడ్డుపెట్టడం నేర్చుకుంటే సగం సమస్య పోతుంది. ఇది రోజూ పదిహేను నిమిషాల డ్రిల్‌తో వచ్చే పని.

రెండోది, బంతి పోయిన తర్వాతి ఐదు సెకన్లు. సోమరి కాదు, పరుగెడతాడు. కానీ ఎక్కడికి పరుగెత్తాలో ఆలస్యంగా తెలుసుకుంటాడు. ఫుల్‌బ్యాక్ తన వెనకనుంచి దూసుకుపోయాక మేల్కొంటాడు. అప్పుడు ఆపడానికి మిగిలే దారి చొక్కా పట్టుకోవడమో కాలు అడ్డం పెట్టడమో. బార్సిలోనా మ్యాచ్ అయిన ఐదు రోజులకు, నవంబరు 30న ఆర్సెనల్ మీద ఏం జరిగిందో చూడండి. మొదటి సగంలోనే చెల్సీ ఆటగాడు కైసెడోకి రెడ్ కార్డ్ పడి చెల్సీ పదిమంది అయింది. విరామంలో ఎస్తెవావ్‌ని బయటికి తీశారు. ఐదు రోజుల క్రితం స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిన కుర్రాడు! కోచ్ చేసింది తప్పని నేను అనను. పదిమందితో ఆడేటప్పుడు కుడివైపు ఫుల్‌బ్యాక్‌కి కాపలాగా ఉండే వింగర్ కావాలి, ఆ నమ్మకం అప్పటికి ఇతని మీద లేదు. కష్టకాలంలో మైదానంలో ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్నకు మొదటి సీజన్ సగంలో దొరికిన జవాబు అది. పెద్ద మ్యాచ్‌ల్లో చివరి విజిల్ వరకు ఉండాలంటే ఇతను మార్చుకోవాల్సింది ఇదే.

పాల్మీరాస్ కోచ్ అబెల్ ఫెరైరా దగ్గర ఆడినవాడికి ఈ లోటేమిటని మీరు అడగొచ్చు. పాల్మీరాస్ క్రమశిక్షణగల జట్టే, వింగర్లు వెనక్కి రావాల్సిందే. కానీ అక్కడ ఎక్కువ మ్యాచ్‌ల్లో బంతి వాళ్ల దగ్గరే ఉండేది. అవతలి ఫుల్‌బ్యాక్‌లు దాటి రావడానికే భయపడేవాళ్లు. ఇంగ్లండ్‌లో చివరి స్థానంలో ఉన్న జట్టు ఫుల్‌బ్యాక్ కూడా తొంభై నిమిషాలూ ఎక్కి వస్తూనే ఉంటాడు.

మూడోది, ఎక్కడ డ్రిబుల్ చేయాలన్నది. అవతలి పెనాల్టీ బాక్స్ దగ్గర ఇతని నిర్ణయాలు వయసుకి మించినవి. తమ సగంలో మాత్రం అప్పుడప్పుడు ఒక మనిషిని ఎక్కువగా దాటబోతాడు. తొంభై నిమిషాలు చూస్తే రెండు మూడుసార్లు కనబడుతుంది. క్లిప్పుల్లో కనబడదు, ఎందుకంటే ఎవరూ ఆ ముక్కలు పెట్టరు.

ఇప్పుడు ఈ మూడూ ఏ రకం లోట్లో చూడండి. తాకిడి, చోటు తెలుసుకోవడం, ఎక్కడ ఎంత సాహసం చేయాలన్న లెక్క. మూడూ నేర్పగలిగినవే. బలాలేమో నేర్పలేనివి. ఒక కుర్రాడిని తూచేటప్పుడు నేను చూసేది ఇదే. బలాలెన్ని, లోట్లెన్ని అని రెండు వరసలు రాసి కూడికలు తీసివేతలు చేయను. అతని దగ్గరున్నది ఇంకొకరు నేర్పగలిగిందా, లేనిది నేర్చుకోగలిగిందా అని చూస్తాను. రెండూ తలకిందులుగా ఉన్న పిల్లలు కూడా ఉంటారు. ఒళ్లు త్వరగా ఎదిగి, పదహారేళ్లకే పెద్దవాళ్లలా పరుగెత్తి పది గోల్స్ కొడతారు. తోటివాళ్లు ఎదిగాక వాళ్ల బలం కరిగిపోతుంది, ఫస్ట్ టచ్ (వచ్చిన బంతిని మొదట అదుపు చేసే తీరు) మాత్రం అలాగే మొద్దుగా మిగిలిపోతుంది. అలాంటివాళ్లను చూసి మోసపోయిన రోజులు నాకూ ఉన్నాయి.

ఒక్క మ్యాచ్ చూసి తూచకూడదనడానికి ఒక ఉదాహరణ. 2023 నవంబరులో ఇండోనేషియాలో అండర్-17 ప్రపంచ కప్. ఎస్తెవావ్ ఈక్వెడార్ మీద బాగా ఆడాడు, బ్రెజిల్ క్వార్టర్ ఫైనల్‌కి వెళ్లింది. అక్కడ అర్జెంటీనా 3-0తో ఇంటికి పంపేసింది. మూడు గోల్సూ క్లాడియో ఎచెవెర్రివే. ఆ రాత్రి ఇద్దరిలో ఎవరు పెద్దవాడవుతారని అడిగుంటే పదిమందిలో తొమ్మిదిమంది ఎచెవెర్రి అనేవాళ్లు. రెండేళ్లు తిరిగేసరికి ఎచెవెర్రి మాంచెస్టర్ సిటీ నుంచి జర్మనీ క్లబ్ లెవర్కూసెన్‌కి లోన్ మీద (కొంతకాలానికి అరువుగా) వెళ్లి ఆడే చోటు వెతుక్కుంటూ ఉన్నాడు. ఎస్తెవావ్ ఏమో అప్పటికి కోచ్ అంచెలొట్టి నడిపే బ్రెజిల్ జట్టులో కుడి వింగ్. అలాగని ఎచెవెర్రి కథ అయిపోయిందని కాదు, అతనూ 2006లో పుట్టిన కుర్రాడే.

ఇక ఎండ్రిక్. మీ మూడో ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం ఆగుతాను. ఇద్దరూ ఒకే అకాడమీ, ఇద్దరి బదిలీ ఒప్పందాలూ కలపాల్సినవన్నీ కలిపితే 6 కోట్ల యూరోల చుట్టుపక్కలే. 2023 డిసెంబరు 6న ఎస్తెవావ్ సీనియర్ జట్టుకి మొదటిసారి ఆడిన మ్యాచ్‌లోనే, క్రుజేరో మీద 1-1, పాల్మీరాస్ గోల్ ఎండ్రిక్‌ది. ఆ డ్రాతోనే పాల్మీరాస్‌కి లీగ్ టైటిల్ కూడా దక్కింది. అందుకే అందరూ ఇద్దరినీ ఒకే తాటికి కడతారు. ఆటలో మాత్రం పోలికే లేదు.

ఎండ్రిక్ స్ట్రయికర్. పొట్టిగా, బలమైన తొడలతో, రెండడుగుల్లో వేగం అందుకుంటాడు. కాలు వెనక్కి లాగకుండానే షాట్ కొడతాడు, గోల్‌కీపర్‌కి సిద్ధపడే టైమ్ ఇవ్వడు. 2024 మార్చిలో వెంబ్లీలో ఇంగ్లండ్ మీద, మూడు రోజులకు మాడ్రిడ్‌లోని బెర్నబ్యూలో స్పెయిన్ మీద గోల్స్ కొట్టినప్పుడు అతనికి పదిహేడేళ్లు. ఆ షాటూ నేర్పలేనిదే. లోటేమిటంటే జట్టుతో కలిసి ఆడటం. వెనక్కి వచ్చి బంతి అందుకుని ఎవరికివ్వాలి, ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగాలి అన్నవి. ఇదీ నేర్చుకోగలిగిందే, కానీ శిక్షణలో కాదు, మ్యాచ్‌ల్లో. రియల్ మాడ్రిడ్‌లో ముందు ఎంబాపే, వినీసియస్, రోద్రిగో ఉంటే ఇతనికి ఆ నిమిషాలు ఎక్కడివి? 2024-25లో లీగ్‌లో ఒక్క గోల్, స్పెయిన్ కప్ పోటీ కోపా దెల్ రేలో మాత్రం 5. అంటే ఆడించిన చోట కొట్టాడు. 2026 జనవరిలో ఫ్రాన్స్ క్లబ్ లియాన్‌కి లోన్ మీద వెళ్లి, నెల తిరక్కుండానే మెత్స్ మీద హ్యాట్రిక్ చేశాడు. కుర్రాడు మారిపోయాడా? లేదు, నిమిషాలు దొరికాయి. కాబట్టి 'ఎండ్రిక్‌కి జరిగినట్టే' అనే మాటని మీరు ఇకముందు వైఫల్యమన్న అర్థంలో వాడొద్దని నా మనవి.

ఎస్తెవావ్‌కి ఆ ఇబ్బంది తక్కువ. వింగర్‌ని చివరి అరగంటలో దింపినా ఉపయోగపడతాడు, స్ట్రయికర్‌కి ఆ వెసులుబాటు లేదు. మొదటి నెలల్లో అతను ఎదిగింది అలాగే. బ్రెజిల్ జట్టులో అంచెలొట్టి ఇంకా ధైర్యం చేశాడు. 2025 అక్టోబరు 10న సియోల్‌లో దక్షిణ కొరియా మీద 5-0తో గెలిచిన మ్యాచ్‌లో వినీసియస్, రోద్రిగో, కున్యాలతో కలిపి మొదటినుంచే ఆడించాడు. ఎస్తెవావ్ రెండు గోల్స్ కొట్టాడు. అంచెలొట్టి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. వినీసియస్ 2020-21లో స్పెయిన్ లీగ్‌లో కొట్టినవి 3 గోల్స్. ఇతనికి గోల్ కొట్టడం రాదని ప్రపంచమంతా తీర్పిచ్చేసింది. మరుసటి సీజన్‌లో రియల్ మాడ్రిడ్‌కి కోచ్‌గా అంచెలొట్టి వచ్చాడు, వినీసియస్‌కి 17 గోల్స్. డ్రిబుల్ వినీసియస్ తెచ్చుకున్నది, ఫినిషింగ్ నేర్చుకున్నది. పైన చెప్పిన లెక్కే ఇది.

ఇందుకు భిన్నంగా బ్రెజిల్ స్ట్రయికర్ గాబ్రియేల్ బార్బోసా 2016లో ఇంటర్ మిలాన్‌కి వెళ్లి దాదాపు ఆడకుండానే తిరిగొచ్చాడు. అతనే 2019లో లిబెర్తదోరెస్ ఫైనల్ చివరి నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి ఫ్లమెంగోని గెలిపించాడు. ఆట అక్కడే ఉంది, చోటే కుదరలేదు. ఎస్తెవావ్ విషయంలో నాకున్న నిజమైన భయం ఇదే. అతని కాళ్ల గురించి కాదు, చుట్టూ మారిపోయే మనుషుల గురించి. చెల్సీలో కోచ్ మారెస్కా 2026 జనవరి మొదటి తారీకునే వెళ్లిపోయాడు. పద్ధెనిమిదేళ్ల కుర్రాడికి తనను మొదట ఆడించిన కోచ్ ఆరునెలల్లో మారిపోవడం చిన్న విషయం కాదు.

నెయ్‌మార్‌తో పోలిక గురించి కూడా ఒక మాట. నెయ్‌మార్ బార్సిలోనాకి వెళ్లేటప్పటికి 21 ఏళ్లు, బ్రెజిల్ క్లబ్ సాంతోస్‌కి 200కు పైగా మ్యాచ్‌లు ఆడి ఉన్నాడు. తప్పులన్నీ ఇంట్లో చేసి, ఇంట్లోనే దిద్దుకుని వెళ్లాడు. పద్ధెనిమిదేళ్లలోపు వాళ్లని దేశం దాటించకూడదన్న ఫిఫా నిబంధన వల్ల ఎస్తెవావ్ ఆ మాత్రమైనా ఆగాడు. 2024 జూన్‌లో ఒప్పందమైతే, పద్ధెనిమిది నిండాక 2025లో వెళ్లాడు. పాల్మీరాస్‌కి వంద మ్యాచ్‌లు కూడా నిండలేదు. అంటే నెయ్‌మార్ సాంతోస్ సొంత మైదానం విలా బెల్మీరోలో చేసిన తప్పులు ఇతను చెల్సీ మైదానం స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో, కోట్లమంది చూస్తుండగా చేయాలి. ఇద్దరినీ ఒకే వయసు దగ్గర పెట్టి పోల్చడం అందుకే న్యాయం కాదు.

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు ఒక పని చేయండి. మొదటి ఇరవై నిమిషాలు బంతిని వదిలేసి కుడి వింగ్‌నే చూడండి. అవతలి ఎడమ ఫుల్‌బ్యాక్ బయల్దేరినప్పుడు ఎస్తెవావ్ తల ఎప్పుడు తిప్పుతున్నాడో గమనించండి. ఫుల్‌బ్యాక్ దాటకముందే తిప్పుతున్నాడంటే నేను చెప్పిన రెండో లోటు తగ్గుతున్నట్టే. వీపు మీద మనిషి పడినప్పుడు రెఫరీ వైపు చూస్తున్నాడా, బంతి వైపు చూస్తున్నాడా అన్నది కూడా. ఈ రెండూ రాసిపెట్టుకుని, నాలుగైదు మ్యాచ్‌ల తర్వాత ఇక్కడే చెప్పండి, మళ్లీ మాట్లాడుకుందాం.